రాకపోకలు సాగుతున్నవి

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ప్రభుత్వ కాగితం మీద రాసిన ప్రతి మాటనూ పైన ఎవరో ఒకరు చదువుతారన్నది ఒకటి, నేను తెలుగు చాలా బాగా రాస్తానన్నది రెండోది. మొదటిది ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకే పోయింది. రెండోది పోవడానికి మాత్రం శాసనసభ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నవ్వెవరిదో ఏడుపెవరిదో తెలియని స్థితిలో ఉన్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో పడ్డ ఉద్యోగాల్లో నాకూ ఒకటి దొరికింది. ఊళ్లకు రోడ్లు, చిన్న చిన్న వంతెనలు కట్టించే శాఖలో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం (శాఖ పేరు చెప్పను, నెల నెలా జీతం ఇంకా అక్కడి నుంచే వస్తోంది). మా బాపు మేళ్లచెరువు దగ్గర సిమెంటు బస్తాలు మోసి నన్ను చదివించాడు. మా వంశంలో భూమి పట్టా ఉన్నవాళ్లు లేరు, సర్కారు కొలువు ఉన్నవాళ్లూ లేరు. అందుకని నా ఉద్యోగం మా ఇంట్లో ఒక్కరిది కాదు, వాడకట్టుదంతా. రెండేళ్ల ప్రొబేషను పూర్తి కావడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఈలోగా ఏ తప్పూ జరగకుండా చూడమని మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పి మరీ ప్రార్థన చేయించేది.

నా చేతికింద కట్టంగూరు దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, వాగు మీద ఒక వంతెన పని నడుస్తోంది. వంతెన కట్టడం అయిపోయింది. అటూ ఇటూ మొరం మట్టి పోసి ఎక్కేందుకు దారి వేయడమే మిగిలింది. అందులో ఇటువైపు పోశారు, అటువైపు సగంలో ఆగింది. అంటే వంతెన ఎక్కవచ్చు, కానీ దిగడానికి లేదు. జనం ఎప్పటిలాగే పక్కనుంచి వాగులోకి దిగి నడిచి పోయేవారు. కాంట్రాక్టరును అడిగితే “ఎల్లుండి కల్లా అయిపోతది మేడమ్” అనేవాడు. ఆ ఎల్లుండి నెల రోజులుగా ఎల్లుండిగానే ఉంది.

అంతలో ఆ వంతెన మీద శాసనసభలో ప్రశ్న పడింది. ఇలాంటి ప్రశ్న హైదరాబాద్‌లో పుట్టి, జిల్లాకు వచ్చి, డివిజనుకు దిగి, చివరికి మండలంలో నాలాంటి ఏఈ బల్ల మీద ఆగుతుంది. జవాబు అక్కడ పుట్టి, వచ్చిన దారినే మెట్టుకో సంతకం పెట్టించుకుంటూ పైకెక్కుతుంది. ఈ దిగడం ఎక్కడంలో వారాలు గడిచిపోతాయి కాబట్టి మా శాఖలో ఒక ఆచారం ఉండేది. ఇవాళ ఉన్నది రాయరు, జవాబు సభకు చేరే నాటికి ఉండబోయేది రాస్తారు. ఆ విద్య నాకు మా పై అధికారి డీఈ సారు నేర్పాడు. ఏ విషయమైనా “చూద్దాం” అని ముగిస్తాడు కనుక ఆఫీసులో ఆయన్ని చూద్దాం సారు అనేవాళ్లం.

“పనులు జరుగుతున్నవి అని రాస్తే ఇంకా జరుగుతున్నయా అని నిలదీస్తరమ్మా. పూర్తయినది అని రాయి. నీ జవాబు హైదరాబాద్ పోయేసరికి పనే అయిపోతది. ఇరవై ఏండ్ల సంది గిట్లనే రాస్తున్నం, ఏం గాలేదు. చూద్దాం,” అన్నాడు.

రాశాను. వంతెన పూర్తి కాని మాట వాస్తవమేనా అంటే, లేదండీ, పని పూర్తయినది. ఎప్పటిలోగా పూర్తి చేస్తారు అంటే, ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. అక్కడితో ఆగాల్సింది. కానీ కాగితం చూస్తే బోడిగా కనిపించింది, చేతిలో పెన్ను ఉంది, పదో తరగతిలో తెలుగులో మండలం ఫస్టు వచ్చిన గర్వం ఉంది. ‘పని పూర్తయినది’ పక్కన ఇంకో వాక్యం చేర్చాను. ‘రాకపోకలు సాగుతున్నవి.’ చదువుకుంటే ఎంత నిండుగా ఉందో! ఇంటికి ఫోన్ చేసి బాపుకు చదివి కూడా వినిపించాను. “అసెంబ్లీల చదువుతరా బిడ్డా గిది?” అన్నాడు. చదువుతారన్నాను.

ఆ ఏడే ఎవరో పుణ్యాత్ముడు జవాబులన్నీ కంప్యూటర్లో పంపాలని తీర్మానించాడు. వారాలు పట్టాల్సిన నా వాక్యం రెండు రోజుల్లో పైకి చేరింది. నాలుగో రోజు మధ్యాహ్నం డీఈ సారు నుంచి ఫోన్: “రేపు పొద్దున పదింటికి మన ప్రశ్న పడ్డది, జాబితాల ఏడోది. అనుబంధ ప్రశ్నలడిగితే ఫీల్డు మనిషి ఉండాల్నట. ఫైలు పట్టుకొని రా.”

వెంటనే కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. “ఎల్లుండి, మేడమ్,” అన్నాడు.

బండేసుకుని వంతెన దగ్గరికి పోయాను, దేవుడి దయవల్ల ఏమైనా మారిందేమోనని. మారింది. ఆ ఊరి అవ్వ ఒకామె వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎర్రగా మిరపకాయలు ఎండబోసింది. కట్టె పట్టుకుని కాపలా కూర్చుంది. “బ్రిడ్జి మంచిగ కట్టిన్రు బిడ్డా. కింద రాయి కాలుతది, పైన ఎండ కాలుతది. రెండు దిక్కులా ఎండుతున్నయి,” అంది. మా శాఖను మెచ్చుకున్న మొదటి పౌరురాలు ఆమే. 

మర్నాడు సభాభవనంలో అధికారులు కూర్చునే గదిలో, గోడకున్న టీవీ ముందు కూర్చున్నాం. అక్కడ నాకంటే చిన్న ఉద్యోగి లేడు. ఒక గ్లాసులో నీళ్లు తెచ్చి ముందు పెట్టుకున్నాను. ఒకటో ప్రశ్న నడుస్తుండగా బాపు ఫోన్. “బిడ్డా, వాడకట్టోళ్లందరు మన ఇంట్లనే ఉన్నరు. టీవీ పెట్టినం. నీది ఎప్పుడొస్తది?” ఏడోది అన్నాను. “ఏడోదట!” అని అటు తిరిగి చెప్పడం, “ఏడు మంచి అంకెనే” అని ఎవరో అనడం వినబడింది.

ప్రశ్నోత్తరాలకు ఉన్నది గంటన్నర. అది అయిపోతే మిగిలిన ప్రశ్నలు సభలోకి రావు. నా బతుకు ఆ గంటన్నర మీద ఆధారపడింది. గదిలో మిగతా అధికారులంతా మాట్లాడే సభ్యులను చూసి “ఇగ ఆపరాదా” అని విసుక్కుంటుంటే, నేను మనసులో దండాలు పెడుతున్నాను, ఇంకా మాట్లాడయ్యా, నీ నియోజకవర్గం చల్లగుండా అని. రెండో ప్రశ్నకు ఒక పెద్దాయన తన చిన్నప్పటి బడి దగ్గర మొదలుపెట్టాడు. ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. మూడో ప్రశ్న మాత్రం నమ్మకద్రోహం చేసింది. అడిగిన సభ్యుడు రాలేదని రెండు నిమిషాల్లో దాటించేశారు. గైర్హాజరు మీద నాకంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు.

నాలుగో ప్రశ్న సగంలో ఇక దాచలేకపోయాను. “సార్, అటువైపు మొరం పోయలేదు. దిగరాదు సార్,” అన్నాను.

“తెలుసులే. వంతెనైతే పూర్తయింది గద. మొరం గురించి అడిగితే చూద్దాం.”

“సార్, నేను రాకపోకలు సాగుతున్నవని రాశాను.”

ఆయన ఫైలు తెరిచాడు. ఆ వాక్యాన్ని చదివాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివాడు. “ఇదెవరు రాయమన్నరమ్మా నిన్ను? పూర్తయినది అనుడు డిపార్ట్‌మెంటు రాత. రాకపోకలు నీ సొంత రాత. మంత్రి గారు సభల చదివినంక అబద్ధమని తేలితే సభా హక్కుల ఉల్లంఘన. నీకు సస్పెన్షను, నాకు మెమో,” అన్నాడు. చూద్దాం అనలేదు. ఆయన నోట ఆ మాట రాకపోవడం అదే మొదటిసారి. 

ఐదు. ఆరు. ఆరో ప్రశ్న నడుస్తుండగా కెమెరా మా సభ్యుడి వైపు తిరిగింది. అంటే మా వంతెన గురించి అడిగినాయన. ఆయన చేతిలో ఏదో అట్ట లాంటిది ఉంది, పక్కాయనకు చూపిస్తున్నాడు. టీవీలో సరిగా కనబడలేదు గానీ, రంగు కనబడింది. ఎరుపు. అట్ట నిండా ఎరుపు.

“సార్, మిరపకాయలు,” అన్నాను.

“ఏం మిరపకాయలు?”

వంతెన మీద ఎండబోసినవని, ఆ అట్ట వాటి ఫోటోనే అయి ఉంటుందని చెప్పాను. డీఈ సారు నా గ్లాసులోని నీళ్లు తీసుకుని తాగేశాడు.

ఆరో ప్రశ్న అయిపోయింది. గడియారంలో ఇంకా మూడు నిమిషాలున్నాయి. మా సభ్యుడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. నేను కళ్లు మూసుకుని అమ్మ చెప్పించే ప్రార్థన మొదలుపెట్టాను, భయంలో సగం మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాను. అప్పుడే, మొదట్లో తన బడి గురించి చెప్పిన ఆ పెద్దాయన లేచి, ఆరో ప్రశ్నలో చిన్న వివరణ కావాలన్నాడు. చిన్నదని ఆయన అనుకున్నాడు. ఆయన కూర్చునేసరికి స్పీకర్ గారు, ప్రశ్నోత్తరాల సమయం ముగిసింది, మిగిలిన ప్రశ్నలకు సమాధానాలు సభ సమక్షంలో ఉంచినట్లుగా భావించడమైనది అన్నారు.

నేను కుర్చీలోంచి లేచి డీఈ సారుకు దండం పెట్టాను. ఆయన పెట్టలేదు. “సంబరపడకు. అడుగకపోయినా నీ జవాబు రికార్డుల ఎక్కుతది. ఇయ్యాల తారీఖు మీద అచ్చయితది. చదివి మరిచిపోతే ఒక తీరు. అచ్చయినంక నూరేండ్లైనా అట్లనే ఉంటది,” అన్నాడు. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఆ క్షణం నుంచి ఆ వంతెన మీద రాకపోకలు సాగుతున్నాయి, శాసనసభ సాక్షిగా.

తారీఖు ఇవాళ్టిది. పొద్దుగూకే లోపల నిజం చేస్తే అబద్ధం కాదని నాకు తోచింది (ఇంజనీరింగు చదువులో ఈ సూత్రం లేదు). ఎల్బీ నగర్‌లో బస్సెక్కి ఆ ఊరి సర్పంచమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. ఆమె విని చాలాసేపు నవ్వింది. “గంత మంచిగ రాస్తివి, మరి సాగియ్యొద్దా మేడమ్? నువ్వు రా, ఫికర్ చెయ్యకు,” అంది. తరువాత తెలిసిందేమిటంటే, కాంట్రాక్టరు జేసీబీ పక్క ఊళ్లో ఇంకో పని మీదుంటే ఆమె పోయి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుందట, మా ఊరికొస్తేనే లేస్తనని. నేను చేరేసరికి నాలుగు ట్రాక్టర్లు గుట్ట దగ్గరి మొరం తెచ్చి పోస్తున్నాయి. జనం పండుగ చూసినట్టు చూస్తున్నారు.

ఐదయ్యేసరికి దారి కుదిరింది. ఆటో ఒకటి తయారుగా నిలబడింది. కానీ వంతెన మీద మిరపకాయలు అట్లనే ఉన్నాయి, వాటి మధ్య అవ్వ అట్లనే ఉంది.

“ఇంకో రెండెండలు పడాలె బిడ్డా. ఇప్పుడు తీస్తే బూజు పడ్తయి. రేపు తోలుకోండ్రి మీ బండ్లు,” అంది.

“అవ్వా, ఇయ్యాలనే తోలాలె. నా నౌకరి పోతది,” అన్నాను. చదువు, హోదా అన్నీ పక్కన పెట్టి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. “నౌకరి పోతదా? ముందే చెప్పొద్దా మరి,” అని కట్టె పక్కన పడేసి గోనెసంచి నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి ఎత్తాం. సగమయ్యేసరికి ఆ ఘాటుకు నాకు కళ్లు, ముక్కు ఏకమయ్యాయి. మొదటి ఆటో వంతెనెక్కి అటు దిగుతుంటే నేను పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. “పని మీద ఎంత పానమో చూడున్రి మేడమ్‌కు,” అని సర్పంచమ్మ అందరికీ చెప్పింది. టైము చూసుకున్నాను, ఐదున్నర.

అవ్వ మాత్రం ఆ తరువాత ఎప్పుడు కనబడినా, మంచిగున్న బ్రిడ్జిని పాడు చేసిన్రని తిట్టేది. మిరపకాయలు మళ్లీ మిద్దె మీదికి మోసుకోవాల్సి వచ్చింది పాపం. ఇక సభలో కనబడిన ఎర్రటి అట్ట సంగతి పది రోజులకు తేలింది. మా సభ్యుడు తన బిడ్డ పెళ్లి పత్రిక డీఈ సారుకూ పంపాడు. ఎర్రటి అట్ట, మీద బంగారు అక్షరాలు. డీఈ సారు దాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేనూ డీఈనే. మొన్న ఒక కొత్త ఏఈ ఫోన్ చేసి, “మేడమ్, జవాబు పోయేసరికి అయిపోతది, పూర్తయినదని రాయనా?” అని అడిగాడు. ఫోటో పంపమన్నాను. ఎండబోసినవేమైనా ఉంటే అవి కూడా కనబడేలా తీయమన్నాను. పిల్లవాడికి ఏమీ అర్థం కాలేదు.

సభ జరిగిన ఆ రోజు సాయంత్రం బాపు ఫోన్ చేసి, “నీది సదువకనే బంద్ జేసిరి గదనే, వాడకట్టంత ఎదురుచూసిర్రు,” అని బాధపడ్డాడు. ఆయన బాధ చూడలేక కొన్నాళ్లకు ఆ అచ్చు పేజీ జిరాక్సు తెచ్చిచ్చాను. ప్లాస్టిక్ అట్ట వేయించి దాచుకున్నాడు. బాపు చదివేది కూడబలుక్కునే, కానీ ఆ వాక్యం మాత్రం కంఠతా వచ్చు. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ ఊరి మీదుగా తీసుకుపొమ్మంటాడు. వంతెన మీదికి రాగానే బండి నెమ్మదిగా పోనియ్యమని, వెనుక కూర్చుని ‘రాకపోకలు సాగుతున్నవి’ అని గట్టిగా చెప్తాడు. మోసి మోసి ఒకవైపుకు వంగిన ఆయన భుజం అప్పుడు కొంచెం పైకి లేస్తుంది. ఆ వాక్యం పదకొండున్నర నుంచి ఐదున్నర దాకా అబద్ధమని నేనింతవరకు ఆయనకు చెప్పలేదు.