డాక్టరు చూడని రోజులు

అర్జీ తిరిగొచ్చినప్పుడు కువబారా సుమియేకి ఏడుపు రాలేదు. దొరికిపోయిన దొంగకి పట్టినట్టు చెమట పట్టింది. నాలుగేళ్లుగా పట్టి పీడిస్తున్న నరాల జబ్బుతో చేపముద్దల ఫ్యాక్టరీలో పని మానేసి ఏడాదైంది. వికలాంగుల పింఛనుకి పెట్టుకుంటే, “రోజువారీ పనులకి పెద్దగా ఇబ్బంది లేదు” అని డాక్టరు సర్టిఫికెట్‌లో రాసిన మాట పట్టుకుని కాదన్నారు. మళ్లీ పెట్టుకోవచ్చు. ఈసారీ రాకపోతే అద్దిల్లు వదిలేసి ఒసాకాలో అన్నావదినల పంచన చేరాలి.

ఆయన రాసింది నిజమే కదా అనుకుంది. పోయిన నెలేగా, వీధి చెత్త వంతు తనకొచ్చిందని, కాకులు పీకకుండా కప్పే వలని ఎత్తి, కడిగి, ఆరేసింది? నలుగురూ చూశారు. అలాంటి మనిషికి సర్కారు సొమ్మెందుకు?

పక్కింటి యోనె అవ్వకి డెబ్బయ్యారేళ్లు. ఎవరింట్లో ఏ చేప వేగుతోందో తెలిస్తేగానీ ఆవిడకి ముద్ద దిగదు. ఊరేసిన ముల్లంగి గిన్నె వంకతో లోపలికొచ్చి, బల్లమీది కాగితం అడక్కుండానే చదివేసింది.

“ఇబ్బంది లేదా? ఏ మహానుభావుడు రాశాడే ఇది?”

“డాక్టరుగారి తప్పు లేదవ్వా. ఎలా ఉన్నారమ్మా అని అడుగుతారు. మీ దయవల్ల బాగున్నానండీ అంటాను.”

“నాలుగేళ్లుగా అదేనా?”

“మరేమంటాం? అంత పెద్దాయన ముఖమ్మీద బాగాలేదని ఎలా అంటాం?”

“నేనూ అంతేలే. మోకాలు విరిగి మంచమ్మీదుంటే కూడా మీ దయే అన్నాను. ఆ మహారాజు నన్ను ఇంటికి పొమ్మన్నాడు,” అని నవ్వి, “సరే, లేవలేని రోజున ఆస్పత్రికెళ్లాల్సొస్తే?”

“ఫోన్ చేసి ఇంకో రోజుకి మార్చుకుంటాను.”

ఆ మాట నోటినుంచి వచ్చాకగానీ సుమియేకి వెలగలేదు. ఇనమురా డాక్టరు ఇన్నేళ్లూ తన మంచిరోజులే చూశాడు. చెడ్డరోజుల్ని ఆయనదాకా పోనివ్వంది తనే.

“పోయిన నెల పదకొండు రోజులు నీ కిటికీ రెక్కలు మధ్యాహ్నందాకా తెరుచుకోలేదు,” అంది అవ్వ.

“నా ఇంటికి కాపలా కాస్తున్నావా?”

“ఉన్న కళ్లని ఎక్కడ దాచుకోమంటావ్?”

పోయిన నెలలో ఏ రోజు ఎలా గడిచిందో డాక్టరు కోసం రాద్దామని ఇద్దరూ క్యాలెండరు, కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. వల కడిగిన తొమ్మిదో తారీఖు దగ్గర సుమియే పెన్ను ఆగింది.

“అది రాయకు. ఎవరడిగారు?” అంది అవ్వ.

“ఎత్తాను కదా. దాస్తే మోసం.”

“అయితే మర్నాడూ రాయి.”

మర్నాడు మరుగుదొడ్డికి పాకుతూ వెళ్లింది. ఆ పైరోజు పాకనూ లేకపోయింది, పక్క తడిసింది. ఎవరికీ చెప్పని సంగతి. చెవులు కాలిపోతుంటే మూడు రోజులూ ఒకదాని పక్కన ఒకటి రాసింది. అవ్వ ఒక్కసారైనా తలెత్తి చూడకుండా ముల్లంగి ముక్క నములుతూ కూర్చుంది.

మంగళవారం కాళ్లు మాట విన్నాయి. ఆస్పత్రికెళ్లింది.

“ఎలా ఉన్నారమ్మా?”

“ఇవాళ బాగున్నానండీ. బాగున్నాను కాబట్టే రాగలిగాను.” కాగితాలు ముందుకి తోసి, నుదురు బల్లకి తగిలేంత వంగింది. “నాలుగేళ్లు మీకు సగమే చెప్పాను. మీచేత తప్పు రాయించాను. క్షమించండి.”

ఆయన చదివి కళ్లజోడు తీశాడు. “నేనూ అడగలేదు. నడిచొస్తున్నారు కదాని రాసేశాను.” కొత్త సర్టిఫికెట్ ముందుకి లాక్కున్నాడు. “పాకిన రోజు చెప్పండి. ఎంత దూరం?”

“ఎనిమిది అడుగులుంటుందండీ.”

“ఎంతసేపు పట్టింది?”

“ఇరవై నిమిషాలు.” ఎక్కువ చెప్పానేమోననిపించి వెంటనే సవరించుకుంది. “కాదండీ, పావుగంటేమో. గడియారం చూడలేదు. పావుగంటే రాయండి.”

“చూడలేదనే రాస్తాను,” అని ఆయన పెన్ను మూత తీశాడు. “తర్వాత?”