తవుడు పోసి కొన్న పేరు

మా అమ్మాయి పెళ్లి ముహూర్తం ఫోన్లోనే కుదిరిపోయింది. తాంబూలాలకి రెండు రోజుల ముందే కాశీబుగ్గలో ప్రెస్సుకి వెళ్లి శుభలేఖలు అచ్చుకిచ్చాను. వియ్యంకుడి పేరు పూర్తిగా రాసిచ్చాను, ఏదో గొప్ప ఒడియా పేరనుకుని. నాకు మాత్రం ఇంటిపేరూ ఒక పొడి అక్షరమూ చాలన్నాను. ప్రెస్సు నడిపేది మా చుట్టమే. "ఏటి బావా, కూతురి పెళ్లికి బాబు పేరు సగమే ఏత్తావేటి?" అన్నాడు. "నీ పని నువ్వు సూసుకో" అని కసిరాను. కోపం అతని మీద కాదు, నా పేరు మీద.

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. నేను పుట్టగానే నన్ను చేటలో పడుకోబెట్టి పక్కింటావిడకి ఇచ్చేశారు. ఆవిడ ఇంత తవుడు పోసి కొనుక్కుని, పెంచమని మళ్లీ మా అమ్మకే ఇచ్చింది. ఇంత చవక పిల్లాడి జోలికి చావు కూడా రాదని నమ్మకం. ఆ తవుడే నా పేరైంది. నందిగాం దగ్గర మా ఊళ్లో అలాంటి పేర్లవాళ్లం వీధికి ఇద్దరం ఉండేవాళ్లం, ఎవరూ నవ్వలేదు. టెక్కలి కాలేజీలో హాజరు పిలిస్తే మాత్రం వెనక బెంచీ అంతా గేదెల్లా అరిచేది. అప్పటినుంచీ నేను పొడి అక్షరాల మనిషినే.

వియ్యాలవారిది బరంపురం, అందరూ పెద్ద చదువుల వాళ్లు. నా పేరు విని మా పిల్లని చులకన చేస్తే? ఆ భయంతో తాంబూలాల నాడు జీడిపప్పు పకోడీ కూడా మింగుడు పడలేదు. లగ్నపత్రిక రాస్తూ పురోహితుడు నా పూర్తి పేరు అడగనే అడిగాడు. తల వంచుకుని చెప్పాను. వియ్యంకుడు అర్థమేమిటన్నాడు. ఇక దాచేదేముందని చేట సంగతీ తవుడు సంగతీ చెప్పేశాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని, "బావగారూ, మా భాషలో నా పేరంటే నూకలు. నాకు ముందు పుట్టిన ముగ్గురు పోయారు. మా మేనత్త నన్ను గుప్పెడు నూకలకి కొన్నది" అన్నాడు.

నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఇద్దరం ఒకే మిల్లు సరుకన్నమాట! హమ్మయ్య అనుకుని పళ్లెంలో పకోడీలన్నీ తినేశాను.

అక్కణ్నుంచే ప్రెస్సుకి ఫోను చేశాను. "కార్డులు అచ్చేసీసేవేటి?"

"లేదు బావా. నువ్వు మాట మారుత్తావని ఆపీసేను."

"నా పేరు పూర్తిగా ఎయ్యి."

"పెద్దచ్చరాలా, సిన్నచ్చరాలా?"

పక్కనే కూర్చున్న మా అమ్మ ఫోను లాక్కుంది.

"పెద్దచ్చరాలే ఎయ్యి నాయినా. ఆ పేరు ఎట్టేకే ఈడు నాకు మిగిలేడు."