బోనస్ మాణిక్యప్ప

మాణిక్యప్ప కాకకు ప్రాణం కంటే ఎక్కువైనది ఒక్కటే: నో క్లెయిమ్ బోనస్. కారుకు దెబ్బ తగిలిందని ఏడాదంతా డబ్బు అడగకపోతే, మరుసటి ఏడు ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియంలో కొంత తగ్గిస్తుంది. ఆ కొంత కోసమే కాక బతుకుతున్నాడని నారాయణఖేడ్ అంతా చాటింది నేనే.

కాకది కిరాయికి తిప్పే అంబాసిడర్. దాని ముందు కోడి నడిస్తే, కోడి నడకనే బండి నడిచేది. ఒకసారి నాగల్‌గిద్ద పెండ్లికి పోతుంటే పెండ్లికొడుకు దిగి నడిచి ముందే చేరాడు. హోటల్లో చాయలో ఈగ పడినా కాక తీసేసి తాగేవాడు. ఇంకో చాయ అడగరాదా అంటే, "అడుగుడు అలవాటైతదిరా, బోనస్ పోతది" అనేవాడు.

పన్నెండేండ్లుగా ఒకటే కంపెనీ, జహీరాబాద్ నుంచి వచ్చే ఒకడే ఏజెంటు, జగన్నాథ్. వేరే ఏజెంటు ఎవడో తన కమీషన్ కొంత వదులుకుంటానంటే కాక కుర్చీ కూడా వేయలేదు.

"మేం పాత గిరాకి. కంపెనీకి మా మీద ప్రేమ ఉంటది."

ఇగ నా సంగతి. డ్రైవింగ్ నేను సొంతంగా నేర్చుకున్నాను. పక్కన కూర్చునే ధైర్యం ఎవరూ చేయలేదని దానర్థం. ఎట్లనో లైసెన్సు వచ్చింది. పదకొండో రోజు కాక దగ్గర కారు అడుక్కొని, కంగ్టి తోవలో మోరీ గోడకు గుద్దాను. గోడ చాలా ఏండ్లుగా అక్కడే ఉంది, నాకే కనపడలేదు. లైట్లు, మడ్‌గార్డు, రేడియేటర్ పోయినయి. ఆ వచ్చే సోమవారమే వ్యవసాయ ఆఫీసులో జీపు డ్రైవర్ నౌకరికి నన్ను పిలిచారు.

కాక కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. జహీరాబాద్ పోయి జగన్నాథ్‌ను కలిసి వచ్చాడు.

"క్లెయిమ్ వద్దురా. బోనస్ పోతది."

కందులు అమ్మి పదకొండు వందలు పెట్టి బాగుచేయించాడు. నేను లెక్క కట్టి చూశాను, బోనస్ తొంబై రూపాయలు దాటదు. నాకు నౌకరి వచ్చింది. తొమ్మిదేండ్లు జీపు ఎక్కినవాళ్లందరికీ ఈ కథ చెప్పి నవ్వించాను. కాక ఎదురుగా ఉన్నా చెప్పేవాణ్ణి. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వేవాడు.

ఒకనాడు జగన్నాథ్ నా జీపెక్కాడు. కథ చెప్పాను. నవ్వలేదు.

"ఆ ఏడు ఆయనకు బోనస్ ఎక్కడిది యాదయ్యా? నువ్వు గుద్దకముందే, ప్రీమియం నాలుగు నెలలు ఆలస్యంగ కట్టిండు. పన్నెండేండ్ల గిరాకి అని మొత్తుకున్న, కంపెనీ వినలే. బోనస్ మొత్తం పోయింది."

"మరి క్లెయిమ్ ఎందుకు చెయ్యలే?"

"ఫారం తీసుకున్నడు. నడిపినోని పేరు రాయాలెనా అని అడిగిండు. రాయాలె, ఠాణా కాగితం గూడ పెట్టాలె అన్న. ఫారం వాపస్ ఇచ్చి పోయిండు."

ఠాణాలో నా పేరు పడితే ఆ సోమవారం నౌకరి ఏమయ్యేదో నాకు తెలుసు. జీపు ఎక్కడ ఆపానో తెలియదు గానీ, సాయంత్రానికి కాక ఇంటి ముందున్నాను. ఆయన కారు తుడుస్తున్నాడు.

"కాకా, నీకు బోనసే లేకుండె గద."

కాక ఇంట్లోకి తొంగి చూశాడు. "మెల్లగ అనురా. మీ చిన్నమ్మకు ఇంకా ఉన్నదనే చెప్పిన."

కనీసం కారు షెడ్డులో పెట్టి పుణ్యం కట్టుకుందామని స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కాక వచ్చి తాళంచెవి గుంజి జేబులో వేసుకున్నాడు.

"నువ్వు మంచిగనే నడుపుతవు, నాకెరుకే. సర్కార్ బండి నడుపు బిడ్డా. ఇది దిగు."