ఈ ఏడు దారి ఎంచే వంతు నాది

నేపాల్ కొండల్లో ఒక కొస నుంచి ఇంకో కొసకు సాగే నడకదారి ఒకటి ఉంది. మొత్తం నడవాలంటే నెలలు పడుతుంది. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళు అన్ని నెలలు ఎక్కడ తెస్తారు? అందుకని మాలాంటివాళ్ళు దాన్ని ముక్కలు ముక్కలుగా నడుస్తారు. ఏడాదికో ముక్క, ఐదారు రోజులో వారమో. మా బావా నేనూ అలా మూడేళ్ళుగా నడుస్తున్నాం. ఏ ముక్క నడవాలో ఒక ఏడు తను ఎంచుతాడు, ఒక ఏడు నేను ఎంచుతాను. ఎంచినవాడి మాటే ఖాయం. కానీ ఎంచినవాణ్ణి వెళ్ళొచ్చేదాకా, వెళ్ళొచ్చిన తర్వాత కూడా, నోటికొచ్చినట్టు తిట్టే హక్కు రెండోవాడిది. మీరు నడకకు వెళ్తున్నారో తిట్టుకోడానికి వెళ్తున్నారో నాకు తెలీదంటుంది మా ఆవిడ.

బావ అంటే మా మేనమామ కొడుకు, మా ఆవిడకు సొంత అన్న. నేను అతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అనే అంటాడు. భోగాపురం దగ్గర సముద్రపుటొడ్డున చేపల పడవలకు ఐసు అమ్ముతాడు. నేను శ్రీకాకుళంలో హైస్కూలు లెక్కల మాస్టర్ని. మా ఇద్దరి తండ్రులూ ఒకే పడవ మీద వేటకు వెళ్ళినవాళ్ళు. బావ వరస అంటేనే మాలో ఎకసెక్కానికి లైసెన్సు. పెళ్ళిపీటల మీద నేను కూర్చుని ఉండగా, నా బట్టతల మొదలవుతోందని మైకులో చెప్పిన మనిషి అతను. నేను ఏది తూర్పంటే అతనికి అది పడమర. ముప్పై ఏళ్ళలో ఒక్క విషయానికీ సరే అని ఎరగడు.

సముద్రం మనుషులకు కొండల మీద మోజేమిటని అందరూ అడుగుతారు. మాకు కొండలు చిన్నప్పటి నుంచీ తెలుసు, కాకపోతే సముద్రంలోంచి తెలుసు. వల వేసే చోటు మళ్ళీ దొరకాలంటే ఒడ్డు వైపు చూసి కొండలు గుర్తు పెట్టుకోవాలి. ఈ కొండ ఆ కొండ వెనక్కి జారితే కింద రాయి ఉంది, చేప ఉంటుంది. మా నాన్న నాకు నేర్పింది అదే. కొండంటే మాకు తెలిసింది ఒక గీత, ఆకాశం మీద గీసిన గీత. ఎక్కాలని ఎవరికీ తోచలేదు.

ఆ చూపే మా కొంప ముంచింది. మొదటి ఏడు వంతు బావది. ఫోనులో ఫొటోలు తిరగేసి, ఒక మంచుకొండ గీత నచ్చి, దాని పాదం పక్కనుంచి వెళ్ళే ముక్క ఎంచాడు. "సూడు బావా, ఎంత అందంగా ఉన్నాదో, రోజూ సూసుకుంటా నడుద్దాం" అన్నాడు. వెళ్ళాం. కొండ పాదం దగ్గర నడిస్తే కొండ కనబడదని మా ఇద్దరికీ తెలీదు. రోజుల తరబడి చెట్లూ బురదా గాడిదల లద్దెలూ తప్ప ఏమీ చూడలేదు. చివరి రోజు లోయ అవతలికి దాటి వెనక్కి తిరిగితే కనబడింది, ఫొటోలో ఉన్నట్టే. నేను ఆ మాట అతని మొహాన కొడుతూనే ఉన్నాను. పెళ్ళిళ్ళలో, దినాల్లో, చేపలు తూస్తుంటే పదిమందిలో.

రెండో ఏడు నేను లెక్కలేసి అడవిదారి ఎంచాను. జలగలు. సాక్సుల్లో, చెవి వెనక, చెప్పుకోరాని చోట్ల. బావ ప్రతి జలగనీ పీకుతూ నా పేరు పెట్టి పిలిచాడు. "ఇంకోపాలి జలగల దారన్నావంటే నీ పీక పిసికి అక్కడే పాతేత్తాను" అన్నాడు. సంచిలో తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తే, బస చేసిన ఇంటావిడ ముక్కు మూసుకుని మమ్మల్ని బయట వండుకోమంది. ఆ వారం మేం నవ్వినంత నవ్వు తర్వాత ఎప్పుడూ నవ్వలేదు.

మూడో ఏడు మళ్ళీ అతని వంతు. ఆ ఏడే నేను వెనకబడ్డాను. ప్రతి మలుపులో ఆగి, కర్ర మీద బరువు వేసి, ఊపిరి కోసం వెతుక్కున్నాను. బావ పైనుంచి అరిచేవాడు. "ఏటి బావా, సీమంతానికెళ్ళే ఆడదానిలా నడుస్తన్నావు! రాత్రికి సేరతావా, రేపొస్తావా?" అని. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటలోనే ఎక్కేసేవాణ్ణి. వయసు అనుకున్నాం ఇద్దరం.

వయసు కాదు. తిరిగొచ్చాక దగ్గు పట్టుకుంది, పోలేదు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు రకరకాల పరీక్షలు చేయించి, ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని చెప్పాడు. ఎందుకో తెలీదట. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదట. మందులు దాన్ని కాస్త నెమ్మదిగా గట్టిపడనిస్తాయట, అంతే. కొండలెక్కొచ్చా అని అడిగాను. ఆయన మందులు రాస్తూనే, తలెత్తకుండా, "మెట్లు తగ్గించండి" అన్నాడు. బయటికొచ్చాక మా ఆవిడ మందులషాపు దగ్గర నిలబడి వాళ్ళన్నకు ఫోను చేసింది. నాకు వినబడనంత దూరం వెళ్ళి మాట్లాడింది. వెనక్కి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా ఏమీ లేనట్టు మందులు లెక్కపెట్టుకుంది.

అప్పటి నుంచి లోకం నా మీద దయ చూపడం మొదలుపెట్టింది. హెడ్మాస్టరు నేను అడగకుండానే పదో తరగతిని కింది గదికి మార్చాడు. స్టాఫ్‌రూములో నా కుర్చీ ఫ్యాను కిందకు వచ్చింది. నేను దగ్గితే మాట్లాడేవాళ్ళు ఆగిపోతారు. ఎప్పుడూ నాతో పోట్లాడే సైన్సు మాస్టరు ఈమధ్య నా మాటకు తల ఊపుతున్నాడు. ఈ మంచితనం నాకు వద్దు. మనిషిని బతికుండగానే ఫొటోకు దండేసినట్టుంటుంది. తిట్టేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు, మిగిలింది బావ ఒక్కడే అనుకున్నాను.

ఇలా ఉండగా వంతు నాకొచ్చింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేనే ఎత్తుకున్నాను. సాయంత్రాలు ఫోనులో ఆ దారి పటం తెరిచి కూర్చునేవాణ్ణి. మూడు ముక్కలు తేల్చాను. ఒకటి, రెండు శిఖరాల నడుమ పెద్ద కనుమ దాటే ముక్క. మొదటి ఏడు నుంచీ, కాళ్ళు బాగా అలవాటయ్యాక చేద్దామని దాచుకున్నది. రెండోది అడవిలోంచి సాగేది. మూడోది లోయదారి, నది పక్కన, ప్రతి ఊరికీ జీపు వస్తుంది. ఎత్తు చూపించే గీతను వేలితో పెద్దది చేసి చూసేవాణ్ణి. ఆ గీత ఎక్కడ నిటారుగా లేస్తుందో అక్కడ నా ఛాతీ బిగుసుకునేది. నిజం నాకు తెలియక కాదు. లోయదారి కూడా నా వల్ల కాదు. మా వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వెళ్ళి రావడమే నాకిప్పుడు ఒక ముక్క.

మరి ఎందుకు ఎంచుతున్నట్టు? నేను వెళ్ళేది లేదు. కానీ నేను కనుమ పేరెత్తితే బావ లేస్తాడు. "బుర్ర పనిసేస్తన్నాదా నీకు? సచ్చిపోతావురా ఎదవా!" అని అరుస్తాడు. నేనూ అరుస్తాను. ఇద్దరం గంటసేపు కొట్లాడుకుంటాం. చివరికి ఓడిపోయినట్టు నేను దిగొస్తాను. నడక ఆగిపోతుంది. కానీ బావ వద్దన్నాడు కాబట్టి ఆగిపోతుంది. నా ఊపిరి ఆపినట్టు కాదు. అతను నన్ను ఇంకా కొట్లాడదగ్గ మనిషిగా లెక్కేస్తున్నాడా లేదా, అది ఒక్కటే నాకు తేలాలి. అంతకంటే ఆశ నాకు మిగల్లేదు.

ఆదివారం పొద్దున్న బస్సెక్కాను. మా ఆవిడ వద్దనలేదు, తనూ దయలో చేరిపోయింది. హైవే మీద దిగేసరికి బావ బండేసుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ రాడు. ఆటో ఎక్కి చావమంటాడు. కొత్తగా కడుతున్న ఎయిర్‌పోర్టు వైపు మట్టి తోలే టిప్పర్లు దుమ్ము లేపుతుంటే, తన తువ్వాలు తీసి నా చేతికిచ్చి "ముక్కుకి కట్టుకో బావా" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఐసు ఫ్యాక్టరీ దగ్గర పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. దిమ్మలు చెక్క మీద జారుతున్నాయి, మర ఐసును పొడి చేస్తోంది. బావ మర ఆపించి, నాకు కుర్చీ వేసి, తను ఖాళీ ట్రే బోర్లించుకుని కూర్చున్నాడు. టీ వచ్చింది. నేను ఫోను తీశాను.

"ఈ ఏడు వంతు నాది. ఇదే నేనెంచింది. కనుమ దాటే ముక్క."

అతను ఫోను అందుకున్నాడు. పటాన్ని వేలితో పైకీ కిందికీ జరిపాడు.

"బాగున్నాది బావా" అన్నాడు.

"ఎత్తు చూశావా?"

"సూశాను. ఎల్దాం."

"నా ఊపిరి సంగతి తెలిసే అంటున్నావా?"

"నెమ్మదిగా ఎల్దాం. తొందరేటున్నాది?"

కొండ మీద నన్ను తరిమిన మనిషి తొందరేటి అంటున్నాడు.  పోనీ అని ఫోను లాక్కుని రెండోది చూపించాను.

"కనుమ వద్దులే. అడవిదారి. జలగలు ఉంటాయి."

"అదీ మంచిదే బావా. సల్లగుంటాది."

"లోయదారైతే?"

ఈ లోయదారిని అతను అంతకుముందు ఏడు ముసలోళ్ళ ఊరేగింపు అన్నాడు. ఇప్పుడు తల ఊపాడు. "అదైతే ఇంకా మంచిది. జీపుంటాది కదా."

నాకు కోపం ఆగలేదు. కోపం వస్తే ముందు దగ్గొస్తుంది. దగ్గి దగ్గి, ఊపిరి దొరికాక అన్నాను. "అయితే కొండలెందుకు? ఇక్కడ హైవే ఎక్కి శ్రీకాకుళం దాకా నడుద్దాం. దారిలో టిఫిన్లు, టీలు. అది ఎంచాననుకో, అప్పుడేమంటావు?"

ఇంకెవరైనా నవ్వేవారు. పాత బావైతే నన్ను ఐసు గుంటలోకి తోసేవాడు. అతను మాత్రం నేల చూస్తూ, "నీ వంతు కదేటి. నీ ఇష్టం బావా" అన్నాడు.

మర నడవడం లేదు. ఎవరూ తట్టలు మోయడం లేదు. ఫ్యాక్టరీ అంతా మమ్మల్నే చూస్తున్నట్టనిపించింది. ఒక్క తిట్టు తిట్టరా, ఒక్కసారి కాదనరా అని అతని కాలర్ పట్టుకుని అడగాలనిపించింది. అడిగితే ఏడుస్తాడని భయమేసింది. నేను వెళ్తానని అతను నమ్మడం లేదు. రాని బండికి ఎవరు అడ్డం నిలబడతారు? డాక్టరు నా మొహాన చెప్పని మాట బావ సరే అనడంలో చెప్పేశాడు.

బలవంతాన భోజనం పెట్టించి, మధ్యాహ్నం మళ్ళీ హైవే దాకా దింపాడు. బస్సు కోసం నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"వచ్చే ఏడు నీ వంతు. ఏది ఎంచుతావు?"

అతను ముందుకెళ్ళి బస్సుకు చెయ్యెత్తాడు. బస్సు దగ్గరికొచ్చి ఆగింది. నా మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. నేను ఫుట్‌బోర్డు మీద ఉండగా, ఇంజను మోతలో గొంతు పెంచి చెప్పాడు.

"వచ్చే ఏడు కూడా నువ్వే ఎంచు బావా."

చిన్నప్పుడు ఒక్క చేప ముక్క కూడా నాకు వదలని మనిషి తన వంతు నాకిచ్చేశాడు. వద్దనడానికి ఊపిరి చాలలేదు. సరే అన్నాను.