పటాలం కొట్టు మీది బిళ్ల

ముప్పై ఏళ్లుగా నా దగ్గర రెండు దాగి ఉన్నాయి. ఒకటి అన్నం పళ్లెమంత ఇత్తడి బిళ్ల. రెండోది ఒక మాట. బిళ్లదేముంది, ట్రంకుపెట్టె అడుగున చీరల కింద పడి ఉండేది. మాట మాత్రం నేను ఎక్కడికి వెళ్తే అక్కడికి వచ్చింది, ఏ పెళ్లిలో ఎవరు నవ్వుతూ పలకరించినా గొంతుకి అడ్డం పడింది. మొన్న ఆదివారం రెండింటినీ దించేశాను. ఊరందరి ముందూ దించేశాను! ఇప్పుడు మీకూ చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి. మా ఊళ్లో ఎలాగూ తెలిసిపోయింది, మీకు పేరుతో పనేం ఉంది?

మాది ఉద్దానం. జీడితోటలు దాటి సముద్రం వైపు నడిస్తే ఇసక దిబ్బ మీద ఒక రాతి కట్టడం ఉంటుంది. దొరల కాలంలో, యుద్ధం రోజుల్లో, సముద్రం మీద కాపలాకి వచ్చిన పటాలం కట్టిందట. మేం పటాలం కొట్టు అంటాం. దాని గుమ్మం పైన ఆ బిళ్ల ఉండేది. రెండు కత్తులు, మధ్యలో నక్షత్రం. ఏ పటాలం గుర్తో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా మా ఊరి మగపిల్లలు దానికి మొక్కేవాళ్లు. మిలట్రీ సెలక్షన్‌కి బయల్దేరే రోజు పొద్దున్నే ఒక్కొక్కడూ పరుగెత్తుకొచ్చి, ఎగిరి, బిళ్ల అంచుని వేలితో తాకాలి. తాకినవాడికి ఉద్యోగం ఖాయం. తాకలేనివాడు ఇంకో ఏడు ఇసకలో పరుగెత్తాలి. మరి ఆడపిల్ల తాకితే? బిళ్ల మహిమ పోతుంది, ఆ ఏడు ఊరికి ఒక్క ఉద్యోగమూ రాదు. ఈ నియమం ఎవరు పెట్టారో నేను అడగలేదు. అడిగితే ఇంట్లో వీపు విమానం మోత మోగేది.

కొట్టు తాళంచెవి హవల్దారు మావ దగ్గర ఉండేది. మిలట్రీలో చేసి పెన్షన్ మీద ఊరికి వచ్చిన మనిషి. ఎవరూ అడక్కుండానే రోజూ తెల్లవారగానే మగపిల్లలందరినీ దిబ్బ మీదకి తోలుకెళ్లి పరుగెత్తించేవాడు. కొట్టు ఊడ్చేది ఆయనే, బిళ్ల తోమేది ఆయనే. దానికోసం వెదురుతో పొడుగాటి నిచ్చెన చేయించుకున్నాడు. పదిహేడేళ్లప్పుడు ఒక పొద్దున నేను కూడా వెళ్లి ఆ పిల్లల వరసలో నించున్నాను. ఆయన కసరలేదు, కోప్పడలేదు. పక్కకి జరిగి పిల్లలకి మంచినీళ్లు పట్టుకురమ్మన్నాడు, అంతే. తెచ్చాను. బిందె దించి వస్తుంటే వాళ్ల నవ్వులు వెనక నుంచి వినిపించాయి. ఆ తర్వాత నుంచి మధ్యాహ్నం పూట, ఊరంతా తోటల్లో జీడిపిక్కలు ఏరుతున్నప్పుడు, ఒక్కదాన్నే దిబ్బ మీద పరుగెత్తేదాన్ని.

ఆ ఎండాకాలం మగపిల్లలు ఆరుగురు సుమ్మాదేవి స్టేషన్లో రైలెక్కి విశాఖపట్నం సెలక్షన్‌కి వెళ్లారు. ఊళ్లో మిగిలింది పెద్దవాళ్లు, ఆడవాళ్లు, చిన్నపిల్లలు. మూడో రోజు మధ్యాహ్నం దిబ్బ మీద మనిషి లేడు. ఇసక కాళ్లు కాల్చేస్తోంది. లంగా ఎగదోపుకుని దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఎగిరాను. అందలేదు. మళ్లీ ఎగిరాను, మళ్లీ అందలేదు. నాలుగోసారి వేలికి ఇత్తడి తగిలింది. తాకాను! అక్కడితో ఇంటికి పోయి ఉంటే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కానీ నాకు తాకడం సరిపోలేదు. ఐదోసారి నాలుగు వేళ్లూ అంచుకి తగిలించి వేలాడాను. ఉప్పుగాలి మేకుల్ని ఎప్పుడో తినేసి ఉంది. బిళ్లా నేనూ కలిసి ఇసకలో పడ్డాం.

అరచెయ్యి తెగింది. మీకు అబద్ధం చెప్పను, నాకు ముందు వచ్చింది భయం కాదు, నవ్వు. బిళ్లని గుండెల మీద పెట్టుకుని ఆ ఎండలో వెల్లకిలా పడుకుని నవ్వాను. ఊళ్లో మగపిల్లలంతా తాకి వదిలేసినదాన్ని నేను పట్టుకుని కిందికి దించాను కదా. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

భయం తర్వాత వచ్చింది. పిల్లలు ఇంకా సెలక్షన్‌లోనే ఉన్నారు. ఒక్కడికి రాకపోయినా నా వల్లే అంటారు. మా నాన్న నన్ను బతకనివ్వడు. బిళ్లని ఓణీలో చుట్టి తీసుకెళ్లి జీడిపిక్కల బస్తా అడుగున పెట్టేశాను. చేతి గాయం ఎవరూ పట్టించుకోలేదు. పిక్కలు కొట్టే ఇంట్లో జీడినూనెకి కాలి పొక్కులు లేని చెయ్యి ఎవరిది?

మర్నాడు కొట్టు ముందు ఊరు పోగయింది. బిళ్ల ఏమైందో తేల్చడానికి పెద్దలకి ఎక్కువసేపు పట్టలేదు. అంత ఎత్తుకి ఎగరగలిగినవాళ్లంతా విశాఖపట్నంలో ఉన్నారు. కాబట్టి ఎవరో నిచ్చెన వేసి ఊడదీశారు. అంతవరకు చెప్పి అందరూ ఆగిపోయారు. ఊళ్లో ఒక ఆడపిల్ల ఎగరగలదని ఒక్క బుర్రకి తట్టలేదు. అప్పుడు హవల్దారు మావే గుంపులోంచి నా దగ్గరికి వచ్చాడు.

"మద్దినేల ఇటేపు తిరుగుతావు కదమ్మా నువ్వు. ఎవులైనా వొచ్చినట్టు సూసావేటి?"

"నేదు మావా, నాను సూణ్ణేదు."

అక్కడ ఆపొచ్చు. ఆపలేదు.

"అయినా అంత పొడుగు నిచ్చెన మీ ఇంటికాడ తప్ప ఊళ్లో ఇంకెక్కడుంది మావా?"

ఇదీ ఆ మాట. ఇందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి? నిచ్చెన ఆయనదే. ఊళ్లో ఇంకొకటి లేదు. ఆయన నా మొహం వంక చూశాడు, తర్వాత చుట్టూ ఉన్న మొహాల వంక చూశాడు. సాయంత్రం పెద్దమనుషులు వెళ్లి తాళంచెవి తెచ్చేసుకున్నారు. టెక్కలిలో పాతసామాన్లవాడికి అమ్మేశాడన్నారు. తాగేశాడన్నారు. ఆ మనిషి చుక్క ముట్టడని తెలిసినవాళ్లే అన్నారు. తల్లులు పిల్లల్ని ఆయన దగ్గరికి పంపడం మానేశారు. "బిళ్ల హవల్దారు" అని పేరు పెట్టారు, ఆ పేరు పుట్టినప్పటికి పుట్టని పిల్లలు కూడా అలాగే పిలిచారు.

వింత వినండి. సెలక్షన్‌కి వెళ్లిన ఆరుగురిలో ఐదుగురికి ఉద్యోగాలు వచ్చాయి. అంతకుముందు ఒకేసారి ఇద్దరికి మించి రాలేదు. ఆడపిల్ల చెయ్యి పడ్డ బిళ్ల మహిమ అది! ఆ రోజు సంతోషంలో ఊరు ఊగిపోతుంటే నోరు విప్పి ఉండొచ్చు. ఎందుకు విప్పలేదు? భయం అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. చిన్నదాన్ని, నాన్న చంపేస్తాడు, పెళ్లి కావాలి, అత్తవారేమనుకుంటారు. ఇవన్నీ నిజమే కానీ, నన్ను నేను గట్టిగా నిలదీసి అడిగిన ప్రతిసారీ అడుగున ఇంకొకటి తేలింది. ఆయన నన్ను వరసలోంచి తప్పించి నీళ్లు మోయించాడు. ఆ కసి నాలో ఉంది. నిచ్చెన మాట అన్నప్పుడు నా నాలుక జారలేదు. తెలిసే అన్నాను. ఆయన మొహం వాడిపోతుంటే, ఒక్క క్షణమే కావచ్చు, నాకు బాగుంది. బిళ్ల ఊడిరావడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

పెళ్లయి పలాస వచ్చాను. బిళ్ల సారె పెట్టెలో నాతో పాటే వచ్చింది. ఇప్పుడు నాకు సొంతంగా జీడిపప్పు షెడ్డు ఉంది, పాతికమంది ఆడవాళ్లు పనిచేస్తారు. నా మాట అంటే వాళ్లకి నమ్మకం. ఆ నమ్మకం చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

ఈ మధ్య ఊళ్లోవాళ్లు పటాలం కొట్టు బాగుచేసి, ఉద్యోగాలకి పరుగెత్తే పిల్లల కోసం దాన్ని వాడుకోవాలనుకున్నారు. గుమ్మం పక్కన రాయి పెట్టి, పిల్లల్ని తయారుచేసినవాళ్ల పేర్లు చెక్కిస్తారట. ఆదివారం కొట్టు ముందే దానికి మీటింగ్ అని మా తమ్ముడు ఫోన్ చేస్తే వెళ్లాను. ఎవరో హవల్దారు మావ పేరు ఎత్తారు. సర్పంచి తల అడ్డంగా ఊపాడు. "దొంగ పేరు రాయి మీదెక్కిత్తారేటి?" అన్నాడు. ఆఖరి వరసలో కర్ర పట్టుకుని కూర్చున్న ముసలి హవల్దారు మావ లేచాడు. వెళ్లిపోవడానికి.

నేనూ లేచాను. సంచీలోంచి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాను. "ఊడదీసింది నాను. నిచ్చెన మాటన్నదీ నానే. ఆయనకేటీ తెలీదు," అన్నాను. అంతమందిలో నా గొంతు ఒక్కటే వినిపించింది.

నమ్మారనుకున్నారా? హవల్దారు మావే నాచేత దాయించాడేమో అన్నాడు ఒకాయన. ఎగిరి దించానంటే పెద్దవాళ్లు పకపకా నవ్వారు. నేను నోరు విప్పి ఆయన్ని ఇంకా లోతుకి తోస్తున్నానా? కుచ్చిళ్లు బొడ్లో దోపి, నలభై ఏడేళ్ల ఒళ్లు వేసుకుని, పరుగెత్తుకెళ్లి గుమ్మం కింద ఎగిరాను. మూరెడు కింద ఆగిపోయాను. ఈసారి ఆడవాళ్లు కూడా నవ్వారు. అప్పుడు పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న గీత అనే పిల్ల వెనక నుంచి వచ్చింది. చెప్పులు విప్పింది, దిబ్బ అంచు దాకా నడిచింది, తిరిగి పరుగెత్తుకొచ్చి ఎగిరింది. బిళ్ల ఉండే చోట రాతి మీద అరచెయ్యి ఫట్‌మని చరిచింది. దాని వెనకే ఇంకో పిల్ల. దాని వెనక మరొకతె. మూడో పిల్ల చరిచేసరికి ఆడవాళ్ల వైపు నుంచి లేచిన కేక సముద్రం హోరుని మింగేసింది. నేనూ అరిచాను. ఏడుస్తూ అరిచాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆ మధ్యాహ్నం ఎగిరిన ఎగురుకి సాక్ష్యం దొరికింది, ఆయన మీద పడ్డ నింద అందరి కళ్లముందే రాలిపోయింది.

సర్పంచి తనే వెళ్లి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. రాయి మీద మొదటి పేరు ఆయనదే అన్నారు. అంతా అయ్యాక, మన ఊళ్లలో మామూలే కదా, ఎవరో నన్ను ఆయన ముందుకి తోసి, "పోన్లే అనెయ్ మావా," అన్నారు.

"అనను," అన్నాడు. "మా ముసిల్ది దొంగ పెళ్లాంగానే సచ్చిపోయింది. ఇప్పుడు దానికెవులు సెప్తారు?"

నేను తల దించుకోలేదు. ఆ మాట వినాల్సింది నేనే, పూర్తిగా విన్నాను. ఆయన నన్ను దాటుకుని గీత దగ్గరికి వెళ్లాడు. ఎక్కడి నుంచి ఎగిరిందో కర్రతో ఇసకలో గుర్తు పెట్టాడు. ఇంకో అడుగు లోపలికొచ్చి ఎగరమన్నాడు. రేపు తెల్లారేసరికి అందరూ ఇక్కడుండాలన్నాడు. అందరూ అంటే ఆడపిల్లలూనా అని ఎవరూ అడగలేదు.

సోమవారం షెడ్డుకి వెళ్లేసరికి కబురు నాకంటే ముందే చేరింది. పప్పు ఒలిచే చేతులు ఆగిపోయాయి. "నిజంగా నువ్వేనా అప్పా?" అని ఒకామె మెల్లగా అడిగింది.

"నానే," అన్నాను. వెనక కూర్చున్నవాళ్లకి వినపడలేదేమోనని ఇంకోసారి గట్టిగా చెప్పాను.