మా ఆయన నేసిన గుడ్డ

ఫోనులో వీడియోలు చూసి మా ఆయన ఆళ్లగడ్డలోని మా ఇంట్లోనే మగ్గం చేస్తానని కూర్చున్నాడు. గట్టిగా ఉన్న నవారు మంచాన్ని విప్పి, ఆ కర్రలతో చట్రం బిగించాడు. పైనా కిందా మేకులు కొట్టి నిలువు దారాలు కట్టాడు. నేయబోతే దారాలన్నీ వదులై వేలాడాయి.

"నంద్యాల అంగట్లో నాసిరకం దారం అమ్ముతాండారు" అన్నాడు.

"దారానికేమైంది? నీ చట్రమే లొడలొడలాడతాంది. చెక్కపని చేసే వడ్లాయన్ను పిలువు" అన్నాను.

"మగ్గం సంగతి వానికేం తెలుసు?" అన్నాడు, తాత ముత్తాతలు నేతగాళ్లయినట్టు.

నెల రోజులు కుస్తీ పడితే జేబురుమాలంత గుడ్డ వచ్చింది. ఒక కొస జానెడు, ఇంకో కొస బెత్తెడు. దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్లు "భలే నేసినావన్నా" అంటే మీసం దువ్వుకుంటాడు. నేను దాని దుమ్ము కూడా తుడవను.