లింకు కింద రెండు వరుసలు

నందికొండ నీటిపారుదల కార్యాలయంలో ముప్పై నాలుగేండ్లు ఉత్తర్వులకు నకళ్లు రాసి విరమించిన బాలస్వామి గారిని ఒకే ఒక్క నకలు బాధించేది. మహారాష్ట్రలోని భివండి మగ్గాల పనికి పోయిన తమ్ముడు ఎల్లేష్ ఇంటికి రాసిన మొదటి ఉత్తరంలో రెండే ముక్కలున్నాయి: “మంచిగనే ఉన్న. నీ మీద పావురమైతాంది.” అన్న మీద బెంగగా ఉందని, అంతే. తేదీ లేదు, విషయం లేదు. బాలస్వామి గారు అసలు ప్రతిని తన దఫ్తరు కట్టలో భద్రపరచి, ఆ ఉత్తరాన్నే క్రమపద్ధతిలో తిరగరాసి, ఇకమీదట ఇట్లు వ్రాయవలెనని తమ్మునికి పంపారు. ఎల్లేష్ మళ్లీ రాయలేదు. కొంతకాలానికి అన్న రాసినవి కూడా చిరునామాదారు లేరని తిరిగివచ్చాయి. ఇరవై రెండేండ్లు గడిచాయి.

మొన్న ఆషాఢంలో ఆయన నకిరేకల్ వెళ్లి, నెట్ సెంటర్ నడిపే తిరుమలతో తమ్ముని కోసం ఒక వెబ్ పేజీ చేయించారు. దానిని భివండిలోని నల్గొండవాళ్ల వాట్సాప్ గ్రూపుకు పంపాలి. తిరుమల ముందుగా ఆయన ఫోనుకు లింకు పంపింది. దాని కింద బూడిదరంగు డబ్బా, “హోమ్” అనే మాట తప్ప ఏమీ రాలేదు.

“గిట్లుంటే ఎవ్వరు తెరువరు, పెద్దబాపు. పేజీకి కండ్లకు కనబడని పైభాగం ఒకటుంటది. అండ్ల పేరు, ఫోటో, ఒక ముచ్చట పెడితే లింకు కింద గవ్వే వస్తయి.”

ఎల్లేష్ ఇరవయ్యేండ్ల వయసప్పటి ఫోటో ఇచ్చి, బాలస్వామి గారు కాగితంపై ముచ్చట రాసిచ్చారు. తిరుమల యథాతథంగా ఎక్కించింది. ఈసారి ఫోటో కింద వచ్చినది ఇది: “నల్గొండ జిల్లా, నకిరేకల్ మండల వాస్తవ్యులు కీ.శే. ఈదయ్య గారి ద్వితీయ కుమారుడగు…”

“తమ్ముని పేరే రాలేదు, బిడ్డా.”

“జాగా గంతే. నువ్వు తాతల కాడికెల్లి మొదలువెడితివి.”

ఆయన కొట్టివేసి, “శ్రీ ఎల్లేష్ గారికి తెలియజేయునది ఏమనగా” అని రాశారు.

“తమ్మునికి నోటీసు ఇస్తున్నవా?” అని తిరుమల నవ్వింది.

బాలస్వామి గారు దానినీ కొట్టివేశారు. పిమ్మట సంచిలోంచి పాత దఫ్తరు తీసి, అందులోని తమ్ముని ఇన్లాండు ఉత్తరాన్ని బల్లపై పరిచి, ఒక్క అక్షరం మార్చకుండా నకలు తీశారు. ముందు తమ్ముని పేరు, చివర “అన్న” అని మాత్రం చేర్చారు.

తిరుమల చదివి, ఈసారి నవ్వలేదు. “తేదీ వెయ్యాల్నా?”

“వద్దు.”

ఫోను గుర్తుపెట్టుకున్న పాత ముచ్చటే మళ్లీ రాకుండా లింకు చివర ఒక అంకె మార్చి ఆమె ఆయన ఫోనుకు పంపింది. ఈసారి చివర చుక్కలు రాలేదు, మాటలన్నీ రెండు వరుసల్లో పట్టాయి.

“వాడు తెరువకపోతే?”

“తెరువకున్నా గిది కనబడుతది, పెద్దబాపు.”

లింకు భివండి గ్రూపుకు వెళ్లింది. నకిరేకల్ నుండి ఆయన ఊరికి ఆఖరి బస్సు ఆరింటికి. ఆయన ఫోను ఒళ్లో పెట్టుకొని అయిదున్నర దాకా ఆ కుర్చీలోనే కూర్చున్నారు.